రెండు వందల అరవై ఎనిమిదో ఐడియా

"శుక్రవారం సాయంత్రం నాలుగు. ఆలోపే ఆపాలి," అన్నాడు చీఫ్ గోపాలరావు.

హబ్సిగూడ మెట్రో స్టేషన్ పక్కన ఇరానీ హోటల్, మూల బల్ల. కోడ్ వర్డ్ అప్పటికే అయిపోయింది. మౌలాలి గుట్ట ఎక్కుతావా అని చీఫ్ అడగాలి, మోకాళ్ళు ఒప్పుకోవని ఏజెంట్ శాంసన్ చెప్పాలి. యాభై రెండేళ్ళ శాంసన్ ఈసారి నిజమే చెప్పాడు.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో శీతల్ కంట్రోల్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్ వేడెక్కితే అలారం మోగించే ప్రోగ్రాం వాళ్ళదే. ఒక విదేశీ ముఠా అందులో దొంగదారి పెట్టింది. శుక్రవారం అప్‌డేట్‌తో అది పదకొండు ఫ్యాక్టరీలకు చేరుతుంది. ఆ తర్వాత ఎక్కడో కూర్చుని అలారం నోరు నొక్కేయొచ్చు. దొంగదారి ఎక్కడుందో తెలియకుండా దాడి చేస్తే ముఠా జారుకుంటుంది. అనుమానం ఒక్కరి మీదే, టీమ్ లీడ్ షైనీ. ఆమె ఫోన్ నుంచి ముఠాకు కాల్స్ వెళ్తున్నాయి.

సోమవారం శాంసన్ జుట్టుకు రంగేసుకుని, కెమెరా దాచిన కళ్ళజోడు పెట్టుకుని, ట్రైనీ టెస్టర్‌గా చేరాడు.

ఎర్ర లిప్‌స్టిక్, నల్ల బుల్లెట్ బండి. షైనీ నడిచొస్తే ఫ్లోరంతా కీబోర్డులు ఆగిపోయేవి. కానీ ప్రోగ్రాంలో దొరికిన సమస్యలు నమోదు చేసే ఇష్యూ ట్రాకర్‌ని అతనికి ఓనమాల నుంచి ఓపిగ్గా నేర్పింది. ఒక టికెట్‌లో ఒకే సమస్య రాయాలి. నువ్వేం చేశావు, ఏం జరగాల్సింది, ఏం జరిగింది, మూడూ ఉండాలి. ఊరికే 'పనిచేయట్లేదు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎప్పుడైనా తీరిక దొరికితే చేద్దామనుకున్నవి మాత్రం 'ప్రాజెక్ట్ ఐడియాలు' అనే లిస్టులోకి పోతాయి. దాన్నెవరూ తెరవరు.

"ప్రాక్టీసుకు ఆ లిస్టు మొత్తం సదువు అన్నా," అంది షైనీ. "ఒక్కటి గూడ ఇడ్వకు."

మూడు వందలకు పైనే ఉన్నాయి. ఎవరో స్క్రీన్ రంగు మార్చమన్నారు. ఎవరో క్యాంటీన్ మెనూకి యాప్ కావాలన్నారు. నాలుగు రోజులు చదివాడు. సరిహద్దుల్లో కాపు కాసిన ఏళ్ళు కూడా అతన్ని ఇంతగా అలసగొట్టలేదు.

శుక్రవారం మూడింటికి 268వది తెరిచాడు. అది ఐడియా కాదు. రియాక్టర్ తొంభై డిగ్రీలు దాటాక బయటి నుంచి ఒక కమాండ్ వస్తే అలారం మోగట్లేదని, ఆ కమాండ్‌తో సహా రాసి ఉంది. రాసింది షైనీ, తొమ్మిది వారాల కిందట. సమస్యల్లోంచి తీసి ఇక్కడ పడేసింది మేనేజర్ కరుణాకర్.

టెస్ట్ మెషీన్ మీద అలాగే చేసి చూశాడు. తొంభై. తొంభై అయిదు. నూరు. అలారం మోగలేదు.

మూడూ యాభైకి మెట్ల దగ్గర షైనీని పట్టుకుని తానెవరో చెప్పాడు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. విదేశంలో పనికి వెళ్ళిన తన తమ్ముడు తేజేష్ పాస్‌పోర్ట్ లాక్కుని, అతన్ని ముఠా బంధించిందట. అతని గొంతు వినాలంటే ముఠాకే ఫోన్ చేయాలట. కరుణాకర్ వాళ్ళ మనిషేనట. దొంగదారి ఆమె చేతే పెట్టించారు. పెట్టిన రోజే ఆమె ఆ టికెట్ రాసింది.

"తొమ్మిది వారాలైంది అన్నా. ఎవ్వరు సదవలే."

టికెట్‌కి బ్లాకర్ అని గుర్తు పెడితే అప్‌డేట్ రిలీజ్ దానంతటదే ఆగుతుంది. గుర్తు టెస్టర్ పెట్టాలి, లీడ్ ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మరుక్షణం ఆమె పేరు కరుణాకర్ స్క్రీన్ మీద పడుతుంది.

"మా తమ్ముడు?"

అబద్ధం చెప్పడం శాంసన్ ఉద్యోగం. క్షేమంగా ఉన్నాడనేస్తే సరిపోయేది. ఎందుకో నోరు రాలేదు.

"తెల్వది బిడ్డా. ఎతుకుమని ఇప్పుడే జెప్త. అంతకంటె మాట ఇయ్యలేను."

షైనీ తన సీటుకు వెళ్ళిపోయింది.

శాంసన్ గుర్తు పెట్టాడు. నాలుగింటికి ఇంకా నలభై సెకన్లు. కరుణాకర్ చెయ్యి మౌస్ మీద ఉంది. ఇరవై. పది. షైనీ నొక్కింది. కరుణాకర్ స్క్రీన్ మీద రిలీజ్ బటన్ చచ్చి బూడిదరంగులోకి తిరిగింది. అతను లేచి చుట్టూ చూసేలోపే కొరియర్ యూనిఫారాల్లో ఉన్న చీఫ్ మనుషులు ఇద్దరు అతని చెరో పక్కన నిలబడ్డారు.

వెతకడానికి వెళ్ళినవాళ్ళు తేజేష్‌ని ఆదివారం మన ఎంబసీకి చేర్చారు. ఆ కబురు విన్నాక షైనీ వాంగ్మూలం మొత్తం ఇచ్చింది.

మర్నాడు శీతల్ కంట్రోల్స్ హెచ్‌ఆర్ నుంచి శాంసన్‌కి మెయిల్ వచ్చింది. పనితీరు మెచ్చి సీనియర్ టెస్టర్‌ని చేశారు. ఇరవై ఆరేళ్ళ గూఢచారి సర్వీసులో అతనికి దక్కిన మొదటి ప్రమోషన్ అదే.