గుండీల డబ్బాలో పెద్ద ఐ

పొద్దున ఏడు కాకముందే ముందుగదిలో స్టీలు పళ్ళెం మీద గుండీలు రాలిన చప్పుడు వినిపిస్తే, ఆ ఇంట్లో తెల్లారినట్టు లెక్క. బట్టల కొట్టు నుంచి తెచ్చిన చొక్కాలకు గుండీలు కుట్టి సాయంత్రానికి అప్పగించడం ఆ ఇంటి కోడలి పని. వీధంతా ఆమెను గుండీలమ్మ అనే పిలుస్తుంది. భర్త బస్సుల షెడ్డులో మెకానిక్కు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మీద ఒక కన్నూ, కోడలి మీద ఇంకో కన్నూ వేసి ఉంచుతుంది. ఇక నాలుగో తరగతి చదివే కూతురు. ఇంట్లో ఒకచోట నిలవదని దానికి గువ్వ అని పేరు పెట్టుకున్నారు.

ఆ రోజు మాత్రం గువ్వ ఎగరలేదు. టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, బూట్లు వేసుకుని, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏమే, కడుపునొప్పా?" అంటూ తల్లి నుదురు ముట్టుకుని చూసింది. పిల్ల తుమ్మినా ఆమెకు గుండె దడే.

"ఏం లేదు."

"మరి ఇంగ్లీషు వ్యాసం పుస్తకం ఇచ్చేశారా? సంతకం పెట్టాలన్నావుగా."

గువ్వ తల వంచుకుని పుస్తకం తీసి ఇచ్చింది. 'మా అమ్మ' అనే వ్యాసం. తల్లి పేజీ తిప్పి అలాగే ఉండిపోయింది. పేజీ నిండా ఎర్ర సున్నాలు. లెక్కపెడితే ఇరవై మూడు. మదర్ అన్న ప్రతిచోటా పెద్ద ఎమ్ మీద ఒకటి. నేను అని రాసిన ప్రతిచోటా చిన్న ఐ మీద ఇంకొకటి.

అవన్నీ ఆమె నేర్పినవే. "ఇంగ్లీషులో 'గారు' లేదే తల్లీ. మర్యాద చూపించాలంటే మొదటి అక్షరం పెద్దది చేయాలి. అమ్మ, నాన్న, నానమ్మ, టీచర్, వీళ్ళందరికీ పెద్దక్షరం. నేను అని మాత్రం ఎప్పుడూ చిన్నగానే రాసుకోవాలి. మనల్ని మనం పెద్ద చేసుకోకూడదు." పోయిన ఆదివారం సాయంత్రం ఈ పళ్ళెం ముందు కూర్చునే చెప్పింది. గువ్వ ఎంత శ్రద్ధగా రాసిందో! ఒక్క అక్షరం గీత దాటలేదు.

"క్లాసులో చదివి వినిపించింది టీచర్," అంది గువ్వ. "అందరూ నవ్వారు. నీకు పెద్ద ఐ రాయడం కూడా రాదా అన్నారు."

మెకానిక్కు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి పుస్తకంలోకి తొంగిచూశాడు. "ఓర్నాయనో! ఇదేంటి, మన పాత బస్సుకి బ్రేకు లైట్లు పెట్టినట్టు ఇంత ఎరుపు?"

"నేనే చెప్పానండీ అలా రాయమని."

అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు మీసం సవరించుకుని నెమ్మదిగా అన్నాడు. "పై అంతస్తులో ట్యూషన్ చెప్పే ఆవిడ ఉందిగా. సాయంత్రాలు అక్కడికి పంపిద్దాం. నీక్కూడా పని బోలెడు, కాస్త తెరిపి దొరుకుతుంది."

తెరిపి! రోజంతా సూదీదారంతో తలవంచుకుని కూర్చునే ఆమె ఎదురుచూసేది గువ్వకు పాఠం చెప్పే ఆ ఒక్క గంట కోసమే. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక గువ్వ పాఠం ముందుగా తను చదువుకుని, రాని మాటలకు పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని, సాయంత్రానికల్లా ఎలా చెప్పాలో మనసులో కుట్టుకుని ఉంచుకునేది. ఆ గంట పోతే ఇక మిగిలేవి చొక్కాలే.

"నేను మళ్ళీ సరిగ్గా చదువుకుని చెప్తానండీ. ఒక్కసారి తప్పయిందని..."

"నువ్వు చెప్పొద్దు!" గువ్వ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "నువ్వు చెప్పేవన్నీ తప్పే. నువ్వు ఎనిమిదితోనే మానేశావుగా!"

పళ్ళెంలోంచి ఒక గుండీ జారి, నేల మీద గిరగిరా తిరిగి పడిపోయింది.

"ఏమే పిల్లా, నోరు పెద్దదవుతోందే!" అంది నానమ్మ కుర్చీలోంచి. "వ్యాసంలో నానమ్మకి పెద్దక్షరం పెట్టావట, అది ఒక్కటి నాకుంచు. మీ అమ్మని అన్నమాట మాత్రం కొట్టేసుకో."

గువ్వ కొట్టేసుకోలేదు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. రోజూ మలుపు దగ్గర ఆగి చెయ్యూపేది, ఇవాళ అదీ లేదు. తల్లి కిటికీలోంచి మలుపు ఖాళీ అయ్యేదాకా చూసి, సంతకం గడి నింపకుండానే పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, సూదిలో దారం ఎక్కించుకుంది. నాలుగుసార్లు ఎక్కిస్తే గానీ ఎక్కలేదు.

పిల్ల అన్నది అబద్ధమైతే కోపమొచ్చేది. నిజం గనక గుచ్చుకుంది.

ఆమె తండ్రి అచ్చు యంత్రం దగ్గర కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి, వరుసలు పేర్చేవాడు. ఇంటికొస్తే వేళ్ళకు సిరా, చొక్కాకు కిరసనాయిలు వాసన. చిన్నప్పుడు బడి వదలగానే ఆమె పరుగెత్తుకుంటూ ఆ అచ్చుగదికే వెళ్ళేది. ఏటవాలు బల్ల మీద గళ్ళ పెట్టెలు రెండుండేవి. పై పెట్టెలో ఇంగ్లీషు పెద్దక్షరాలు, కింది పెట్టెలో చిన్నవి. "ఇవెందుకు నాన్నా పైన?" అంటే, "పెద్దవాళ్ళు కదమ్మా, కుర్చీలేసుకుని పైన కూర్చున్నారు," అనేవాడు. ఆ గది యజమాని నేనింత, నేనంత అని కేకలేసి వెళ్ళాక కన్నుగీటి, "ఆయన 'నేను' మరీ పెద్దక్షరంలే తల్లీ. నువ్వు మాత్రం అలా పెరగకు," అని నవ్వేవాడు. ఆ నవ్వులోంచీ, ఆ పెట్టెలోంచీ తనకు తోచిన వ్యాకరణం తను అల్లుకుంది. అదే ఇరవై మూడు సున్నాలై తిరిగొచ్చింది.

ఎనిమిదిలో ఉండగా అమ్మ మంచం పట్టింది. తమ్ముడు పసివాడు. ఇంటిపట్టున ఎవరో ఒకరు ఉండాలి. పుస్తకాలు అటకెక్కిన సాయంత్రం నాన్న ఆమె అరచేతిలో ఒక సీసపు అక్షరం పెట్టి గుప్పిట మూశాడు. "ఇది నీది. పోగొట్టుకోకు." గుప్పిట విప్పి చూస్తే ఇంగ్లీషు ఐ. ఆమెకు ఏడుపొచ్చింది. "నా పేరులో మొదటక్షరం ఇది కాదుగా నాన్నా!" అంటే, "ఇదీ నీ పేరేనమ్మా," అని తల నిమిరి వెళ్ళిపోయాడు. చేతికి దొరికిందేదో తెచ్చుంటాడులే అనుకుంది. అయినా పారేయలేదు. పెళ్ళయి వచ్చినప్పుడు గుండీల డబ్బాలో పడేసింది. నాన్న పోయి ఆరేళ్ళయింది. అక్షరం ఇంకా ఆ డబ్బా అడుగునే ఉంది.

సాయంత్రం గువ్వ వచ్చే వేళకు ఆమె పళ్ళెం, పాఠం చెప్పే పలక రెండూ అలమారాలో పెట్టేసింది. పిల్ల ముఖం కడుక్కుంటుంటే, "పైనావిడతో మాట్లాడాను. రేపటి నుంచి రమ్మంది," అంది అటు తిరగకుండానే.

గువ్వ వెళ్ళి నానమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది. నానమ్మతో అన్నట్టుగా మొదలుపెట్టింది.

"ఇవాళ టీచర్ తికమక మాటలు అడిగింది నానమ్మా. లూస్, లూజ్. వదులుగా ఉండటం ఏది, పోగొట్టుకోవడం ఏదీ అని. క్లాసులో ఎవరూ సరిగ్గా రాయలేదు. నేనొక్కదాన్నే రాశా."

"అదేంటే? నీకెలా తెలిసిందీ?"

"మా అమ్మ చెప్పిందిగా! చొక్కాకి గుండీలు వదులైనా రెండూ ఉంటాయి, అందుకని దాంట్లో రెండు ఓలు. ఒకటి ఊడి పోగొట్టుకుంటే ఇంక ఒకటే ఓ." గువ్వ గాల్లో వేలితో ఒక సున్నా గీసి చూపించింది. "ఎవరు నేర్పారని టీచర్ అడిగింది. మా అమ్మ అన్నా. బోర్డు మీద రెండు గుండీలు గీయించి అందరికీ చెప్పించింది నాచేత. రేపు నిజం గుండీలు తెమ్మంది."

నానమ్మ కోడలి వీపు వైపు చూసి గొంతు సవరించుకుంది. "వినబడిందా అమ్మాయ్? లేకపోతే నేనూ బోర్డు మీద గీసి చెప్పాలా?"

కోడలు ఇటు తిరిగింది. ఆమె కళ్ళు చూడగానే గువ్వ ఒక్క అంగలో వచ్చి నడుం చుట్టేసింది. "పొద్దున అన్నది కొట్టేసుకున్నానమ్మా. నేను పైకి వెళ్ళను. నువ్వే చెప్పు."

"నాకు అన్నీ రావే తల్లీ."

"నాకు వచ్చినవి నేను చెప్తా. ఇదిగో విను. మదర్ ముందు 'మై' ఉంటే ఎమ్ చిన్నదే. పేరుపెట్టి పిలిచినట్టు పిలిస్తే పెద్దది. మర్యాదకి కాదంట."

"అలాగా! మరి ఐ?"

గువ్వ అప్పటికే అలమారాలోంచి డబ్బా దింపి, రేపటి కోసం మంచి గుండీలు ఏరుతోంది. ఏదో చల్లగా తగిలి పైకి తీసింది. "ఇదేంటమ్మా? పెద్ద ఐ!"

"మీ తాతయ్యది. నాకిచ్చాడు. నా పేరు మొదటక్షరం ఇది కాదుగా అంటే, ఇదీ నీ పేరేనన్నాడు."

"అవునుగా. ఐ అంటే నేను. వాక్యం మొదట్లో ఉన్నా, మధ్యలో ఉన్నా పెద్దగానే రాయాలి, ఎప్పుడూ! ఎవరైనా సరే. టీచర్ అయినా, నేనైనా, నువ్వైనా." గువ్వ దాన్ని తల్లి అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది. "అంటే ఇది నువ్వేనమ్మా."

ఆమె కింద కూర్చుండిపోయింది. ఆనాటి నాన్న చొక్కా వాసన గదిలోకి వచ్చినట్టయింది. వేల అక్షరాల్లోంచి, పై పెట్టెలోంచి, చూసి చూసి ఏరి తెచ్చాడు. చదువు మానిపించక తప్పని తండ్రి, కూతురికి దాచుకోమని ఇచ్చింది ఇదా! ఇన్నేళ్ళూ దాన్ని గుండీల అడుగున పడేసి, కన్నబిడ్డకు 'నేను'ని చిన్నగా రాయమని నేర్పిందా తను! కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. గువ్వ కంగారుగా, "నానమ్మా, నేనేం అనలేదు, నిజంగా!" అంటే, "తెలుసులేవే, ఏడవనీ. ఎప్పటిదో అది," అంది ముసలావిడ.

మెకానిక్కు షెడ్డు నుంచి వచ్చేసరికి పళ్ళెం మళ్ళీ నేల మీద ఉంది. దానికి అటు తల్లి, ఇటు కూతురు. "ట్యూషన్ ఏమైంది?" అన్నాడు.

"ఇక్కడే," అంది గువ్వ. "టీచర్లం ఇద్దరం."

"ఫీజు?"

"ఉచితమే. మీ చొక్కాకి ఊడిన గుండీ కుట్టడం కూడా ఉచితమే," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత వ్యాసం పుస్తకం తెరిచి, పొద్దున వదిలేసిన సంతకం గడి దగ్గర పెన్సిల్ పెట్టింది. సంతకం కాదు, ఒక వాక్యం రాసింది. ఐ యామ్ హర్ మదర్. ఎమ్ చిన్నది, జాగ్రత్తగా. ఐ మాత్రం గడి పైగీత దాటి పై వరుసలోకి వెళ్ళిపోయింది.

"అమ్మా, మరీ అంత పెద్దదా?"

"ఉండనీవే," అంది. "ఇన్నేళ్ళ బాకీ కదా."