అంచు పలచబడ్డ ఐదు రూపాయలు

జనగామ లాడ్జి గదిలో ఏజెంట్ విక్రమ్ చనిపోయి పడి ఉన్నాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు. తోటి ఏజెంట్ మహీధర్‌ను కలవరపెట్టింది అదే.

"కవితను చూసినవాడు వీడొక్కడే," చీఫ్ సంజీవ గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠాలో మన డబుల్ ఏజెంట్. భూపాలపల్లి విద్యుత్ కేంద్రంలో బాంబు ఎక్కడ పెట్టారో ఆమెకే తెలుసు. ఆమె ఫోన్ వాళ్లు వింటున్నారు. అందుకే మధ్యాహ్నం డోర్నకల్ జంక్షన్‌కు స్వయంగా వస్తుంది."

"గుర్తు?"

"పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ళ. టంకశాలలోనే అంచు తెగి బయటికొచ్చింది. విక్రమ్ ఆమెకిచ్చాడు. దాని ఫోటో, కోడ్, కలిసే చోటు మనకు పంపాడు; అవి అతని ఫోన్‌లోనూ ఉన్నాయి. ఫోన్ పోయింది."

"అంటే దొంగ బిళ్ళతో ఇంకొకరు రావచ్చు."

"కవిత నోరు మూయించడానికే వస్తారు. దొంగ బిళ్ళ తెచ్చిందెవరో చూడు. కాల్చెయ్."

డోర్నకల్ ప్లాట్‌ఫాం చివర మహీధర్ మడత బల్ల వేసుకున్నాడు. పెట్టుడు గడ్డం, చెవిలో ఇయర్‌పీస్, ఒళ్లో తువ్వాలు, దాని కింద సైలెన్సర్ తుపాకి. 'పాత నాణేలు కొనబడును' అని బోర్డు. కొంచెం దూరంలో చాయ్ అమ్ముతున్నది అసిస్టెంట్ జైపాల్.

గార్ల నుంచి వచ్చిన లింగ్యా ఒక బిళ్ళ ముందు పెట్టాడు. "దీనికి ఐదు లక్షలంట గదా! యూట్యూబ్‌ల చూసిన."

"ఐదు లక్షలుంటే ఈ ఎండల కూసుంటనా తాతా?"

"గంత లేనోనివి బోర్డెందుకు పెట్టినవ్?" ముసలాయన విసురుగా వెళ్లిపోయాడు.

తిట్టు తగిలింది మారువేషానికే. అయినా మహీధర్‌కు నొప్పి కలిగింది.

నల్ల కళ్ళద్దాల యువతి వచ్చి కూర్చుంది. ఖరీదైన పరిమళం. "బండి లేటా?"

"ఇయ్యాల టైముకే."

కోడ్ సరిపోయింది. "నేను కవితను," అని బిళ్ళ పెట్టింది. నెలవంకలా తెగిన అంచు, మాసిన సహజమైన రంగు. ఫోటోలో ఉన్నట్టే ఉంది. అతనికి హాయిగా అనిపించింది. హాయిగా అనిపించిన ప్రతిదాన్నీ అతను అనుమానిస్తాడు.

అప్పుడే చమటతో తడిసిన ఇంకొక యువతి బల్ల ముందు నిలబడింది. "బండి లేటా సార్? నేను కవితను."

ఆమె పెట్టిన బిళ్ళ తళతళలాడుతోంది. వెండి పూత. పైన కొక్కెం అతికించి ఉంది. పూత కింద అక్షరాలు మొద్దుబారాయి.

"గిదేంది?"

"మా యాడి, అదే మా అమ్మ, చేసిన పని సార్. గూడూరు కాడ తండాల మా అమ్మ దగ్గర దాసిన. బిళ్ళ అంటే లంబాడీ రవికె మీద కుట్టుకునేదే ఆమెకు. వెండి బిళ్ళల నడుమ మాసినట్టు కొడుతున్నదని పూత పూయించి కుట్టేసింది."

"వద్దని చెప్పలేదా?"

"రహస్యమని అమ్మకు ఎట్ల చెప్త?"

నల్ల కళ్ళద్దాలామె నవ్వి, అతని చెవి దగ్గరికి వంగింది. "కథ మంచిగున్నది. పూత కండ్ల ముందే కనబడుతున్నది. ఇంకేం చూస్తున్నరు?"

తువ్వాలు కింద తుపాకి చమటతో తడిసిన యువతి వైపు తిరిగింది. వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది. కాలిస్తే అనుమానం అయిపోతుంది. ఆ ఆశే అతన్ని భయపెట్టింది. ఎడమ చేత్తో భూతద్దం తీశాడు.

తెగిన చోటును ఎవరైనా చూస్తారు. అతను దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును చూశాడు. అచ్చు పడకముందే రేకు తెగి ఉంటే, అంచు లేపేటప్పుడు ఆ వైపు నుంచి ఒత్తిడి ఉండదు. ఎదుటి అంచు పైకి లేవదు. నిండు నాణేన్ని తరవాత కోస్తే ఎదుటి అంచు చెక్కుచెదరదు.

మొదటి బిళ్ళకు ఎదుటి అంచు నిండుగా ఉంది.

రెండోదానికి, వెండి పూత కింద, అంచు పలచబడి అణగిపోయి ఉంది. పుట్టుకలోని లోటును ఏ పూతా కప్పలేకపోయింది.

భూతద్దం ఎక్కడ ఆగిందో నల్ల కళ్ళద్దాలామె చూసింది. ఆమె బొటనవేలు ఫోన్ మీదికి వెళ్లింది. మహీధర్ బల్లను తన్నాడు. ఫోన్ ఎగిరి పడింది. జైపాల్ వేడి చాయ్ ఆమె చేతి మీద కుమ్మరించి, మణికట్టు మెలిపెట్టాడు. తెరపై ఒక నంబరు, కాల్ బటన్ నొక్కితే బాంబు పేలడమే తరువాయిగా వెలుగుతోంది.

"బొగ్గు కన్వేయర్ బెల్టు కింద పెట్టిండ్రు! జల్ది చెప్పుండ్రి!" కవిత అరిచింది.

మహీధర్ ఇయర్‌పీస్‌లో ఆ మాటే చెప్పాడు. రైల్వే పోలీసులు నల్ల కళ్ళద్దాలామెను పట్టుకుపోయారు. చాలాసేపటికి సంజీవ గొంతు: "తీసేశారు." మహీధర్ అదే కవితకు చెప్పాడు.

కవిత మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు.

"అన్నా, బాంబు తీసిండ్రు. గామెను పట్టుకపోయిండ్రు. ఇగ గా తుపాకి నా మీదికెల్లి తియ్యరాదు?"

మహీధర్ కిందికి చూసుకున్నాడు. తువ్వాలు ఎప్పుడో జారిపోయింది.

"జర ఆగు చెల్లే," అన్నాడు. "నేనైతే నమ్మిన. చెయ్యే ఇంక నమ్ముతలేదు."