శనివారం సెలవు లేనోళ్లు

"సార్, ఇంకొక్క డౌట్."

ముందు వరుసలోని మనిషి ఆరోసారి లేచి నిలబడ్డాడు. వెనక కూర్చున్న రుచిత వాచీ చూసుకుంది. ఉద్యోగం చేసుకుంటూనే ఎంబీఏ చదవొచ్చని చెప్పడానికి ఒక కాలేజీ వాళ్లు వికారాబాద్‌ ఫంక్షన్ హాల్లో పెట్టిన మీటింగ్ అది. రెండింటికల్లా ఆమె ఆస్పత్రిలో ఉండాలి.

"శనివారం సెలవు లేనోళ్లు ఏం జెయ్యాలె సార్? అటెండెన్స్ తక్కువైతే పరీక్ష రాయనిస్తరా?"

"అవన్నీ తర్వాత చూద్దాం," అన్నాడు కాలేజీ ఆయన.

"తర్వాతంటే ఎప్పుడు సార్?"

రుచితకు ఓపిక చచ్చింది. "ఏమండీ, గీ మీటింగ్ మీ ఒక్కరి కోసమే పెట్టిన్రా? మాకు గూడ పనులున్నయ్!"

హాలంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. "సారీ మేడం," అని కూర్చున్నాడు.

బయటికి వస్తే వాన. ఆమె, ఆ ప్రశ్నల మనిషి ఒకే చూరు కింద నిలబడాల్సి వచ్చింది. అతని పేరు పరశురాం. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ సూపర్‌వైజరు. పదకొండేళ్లు రాళ్లు కోయించాడు, ఇక వాటిని దూరదేశాలకు అమ్మే పని నేర్చుకోవాలని ఆశ. ముప్పై రెండేళ్ల రుచితదీ అలాంటి ఆశే. పదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్. మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, ఆస్పత్రిని నడిపే పనిలోకి వెళ్లాలని.

"మీకు శనివారం సెలవిస్తరా?" అని అడిగాడు.

"ఇయ్యరంట. గందుకే రాజీనామా చేస్త."

"రాజీనామానా! జర ఆగుండ్రి మేడం. ఇంకో కాలేజీ ఉన్నది. క్లాసులు సాయంత్రం ఆన్‌లైన్ల, నెలకొక్క ఆదివారం పోతే చాలు." గబగబా సంచీలోంచి ఒక బ్రోచర్ తీశాడు.

రుచిత అనుమానంగా చూసింది. "మీరు గా కాలేజీ ఏజెంటా?"

అతని నవ్వు ఆరిపోయింది. "కాదు మేడం," అని బ్రోచర్ మడిచి పెట్టుకుని, వానలోకే నడిచి వెళ్లిపోయాడు.

తడిసిపోతున్న ఆ వీపు ఆమెకు ఆ వారమంతా గుర్తొస్తూనే ఉంది.

ఇంట్లో తల్లి ఈశ్వరమ్మకు నిద్ర పట్టడం లేదు. "పదేండ్ల కొలువు ఇడిచిపెడ్తవా బిడ్డా? రేపు గా సదువు అక్కరకు రాకపోతే?" అని అన్నం ముందు కూర్చుని కళ్లొత్తుకుంది.

అయినా శుక్రవారం రుచిత రాజీనామా కాగితం పట్టుకుని సూపరింటెండెంట్ గది బయట నిలబడింది. లోపల ఎవరో ఉన్నారు. చేతిలో ఫోన్ మోగింది. మీటింగ్‌కు వచ్చినవాళ్ల వాట్సాప్ గ్రూపులో పరశురాం మెసేజ్.

"కాలేజీకి రాసి అడిగిన. జవాబు కింద పెట్టిన. శుక్ర, శని రెండు రోజులూ క్లాసులట. ముప్పై మంది చేరకుంటే ఈ ఏడు బ్యాచే ఉండదట. తొందరపడి ఎవరూ కొలువు ఇడిచిపెట్టకుండ్రి."

ఆ చివరి మాట ఎవరి కోసమో రుచితకు తెలుసు. పక్కనున్న బెంచీ మీద కూలబడి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"ఏం కావాలమ్మా?" అని లోపల్నుంచి అడిగింది సూపరింటెండెంట్.

"ఏం లేదు మేడం, ఊరికే వచ్చిన!" అంటూ ల్యాబ్‌ వైపు దాదాపు పరుగెత్తింది.

ఆదివారం తాండూరు రైలెక్కింది. కిటికీలో కంది చేలు వానకు కడిగినట్టున్నాయి. దిగి, అడుగుతూ అడుగుతూ పరశురాం పనిచేసే యూనిట్‌కు చేరింది. అర్జెంటు ఆర్డరేదో ఉన్నట్టుంది, ఆ రోజు కూడా యూనిట్ నడుస్తోంది. కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ముతో ఉన్న పరశురాం ఆమెను చూసి గబుక్కున మొహం తుడుచుకున్నాడు. దుమ్ము ఇంకా పరుచుకుంది.

"ఆ రోజు తప్పు మాట్లాడిన!" మెషీన్ల హోరుకు మించి అరిచింది రుచిత. "మీ మెసేజ్ ఐదు నిమిషాలు లేటయితే నా కొలువు పోయేది!"

మెషీన్ ఆపించి, అతను బండల దొంతర మీద కూర్చుండిపోయాడు. "హమ్మయ్య! వారం సంది గదే ఫికర్. ఫోన్ చేద్దామంటే మల్ల తిడ్తరని భయమయింది. గందుకే గ్రూపుల పెట్టిన."

"మరి మీరు ఆదివారం కాలేజీల చేరిన్రా?"

"లేదు."

"మంచిదని మీరే అన్నరు గద?"

అతను చేతులకంటిన దుమ్ము వైపు చూస్తూ చెప్పాడు. "మీరు గూడ అండ్లనే చేరితే, మీ ఎంటబడి వచ్చిన్నని అనుకుంటరు. నేను చేరకపోతే, మిమ్మల్ని మల్ల చూసుడెట్ల? ఏం జెయ్యాల్నో సమజ్ గాక ఫారం అట్లనే పెట్టిన."

రుచిత దుమ్ము చూసుకోకుండా ఎదురుగా ఉన్న బండ మీద కూర్చుంది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎంటబడి రావద్దు," అంది. "పక్క సీట్ల కూసోండ్రి."

నున్నగా మెరుస్తున్న ఒక బండ మీద ఫోన్లు పెట్టుకుని ఇద్దరూ దరఖాస్తులు నింపుతుండగా ఈశ్వరమ్మ నుంచి ఫోన్ వచ్చింది.

"కాలేజీ దొరికిందా బిడ్డా?"

"దొరికిందమ్మా. కొలువు ఉంటది, సదువు ఉంటది. ఇగ నువ్వు ఫికర్ వెట్టుకోకు."

అవతల ఈశ్వరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా, వచ్చే ఆదివారం ఒకర్ని ఇంటికి తీస్కొస్త."

"ఎవరే, కాలేజీ సారా?"

"సారు గాదు. క్లాస్‌మేట్."

"మొగపిలగాడా?"

"ఊఁ."

పరశురాం ఫారం నింపడం ఆపి, ఆమె ఫోన్ వైపు వంగాడు. అవతల ఈశ్వరమ్మ నవ్వడం ఇద్దరికీ వినిపించింది.

"తీస్కరా బిడ్డా. ఏం తింటడో అడుగు, గదే వండుత."