సముద్రానికి తలపోటు

"ఏమండోయ్, మిమ్మల్నే! పోటొచ్చేస్తోంది, లెగండి!"

ప్రభావతి తన భర్తతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదే. అప్పటికింకా ఆయన భర్త కాదు. అవుతాడని తెలిసి ఉంటే కాస్త మర్యాదగా అరిచేదేమో.

అది 1956. గుడివాడ, బందరు చర్చిల యువజనులంతా కలిసి పాలకాయతిప్పకు పిక్నిక్ వచ్చారు. జీవానందం గుడివాడలో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు. సముద్రాన్ని చూడటం అదే మొదలు. పాయ మధ్యలో ఇసుకదిబ్బ కనిపిస్తే దాని మీదికెళ్లి, బూట్లు విప్పి పక్కన పెట్టి, కాళ్లు బారజాపుకుని జమీందారులా కూర్చున్నాడు.

ప్రభావతి బందరు తీరాన గిలకలదిండిలో పుట్టి పెరిగిన పిల్ల. నీళ్లు పైకెక్కితే పోటు, వెనక్కి తీస్తే పాటు అని ఆమెకు అఆల కన్నా ముందే వచ్చు. గుడివాడలో మాత్రం పోటంటే నొప్పి. తలపోటు, పంటిపోటు, అంతవరకే.

జీవానందం వెనక్కి తిరిగాడు. ఒడ్డున ఒకమ్మాయి ఎండకు అడ్డంగా నుదుటిమీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడండీ పోటు?"

"ఇక్కడేనండీ, కనపట్టంలా?"

"తలలోనా?"

గాలి హోరులో ఆమెకా మాట సరిగ్గా వినపడలేదు. "అవునండీ, తొందరగా రండి!" అంది.

అయ్యో పాపం అనుకున్నాడు జీవానందం. తల్లి జ్ఞానమ్మ సంచిలో అమృతాంజనం సీసా పెట్టిన సంగతి గుర్తొచ్చింది. కూర్చున్నచోటే సంచి వెతకడం మొదలుపెట్టాడు. సీసా దొరికేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. బూట్లు రెండూ బంగాళాఖాతం నీళ్లతో ప్రయాణం కట్టాయి. సీసాను నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని, తడుస్తూ ఒడ్డుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"రాసుకోండి."

"ఎవరికండీ?"

"మీకేగా తలపోటు?"

"నాకు కాదండీ బాబూ, సముద్రానికి!"

అని, ఇసుకలో కూలబడి మరీ నవ్వింది. అతను సముద్రాన్ని చూశాడు, తన ఉత్త కాళ్లను చూసుకున్నాడు. విషయం అర్థమయ్యాక ఆమె కన్నా గట్టిగా నవ్వాడు. భుజాలు, పొట్ట, చేతిలో సంచి అన్నీ ఊగిపోయే నవ్వు. తన మీద తాను అంత హాయిగా నవ్వుకోగల మగవాణ్ని ప్రభావతి అంతకుముందు చూడలేదు. మనసు పడింది. మరుసటి ఫిబ్రవరిలో పెళ్లయింది.

అప్పట్నుంచి ఏటా పెళ్లిరోజుకు వాళ్లు పాలకాయతిప్ప వెళ్లేవారు. అక్కడ సర్వే ఆఫీసర్ల కోసం కట్టిన రెండు గదుల బంగళా ఒకటుంది. వాచ్‌మన్ మీరా సాహెబ్ పాయ దాటించడానికి పడవ నడుపుతాడు. ఆయన భార్య ఫాతిమా వండి పెడుతుంది. జీవానందం జేబులో ఎప్పుడూ ఆ సీసాయే. మందు అయిపోతే కొత్తది కొని పాత సీసాలో నింపేవాడు.

నాలుగేళ్లు అలా సాగింది. ఆ తర్వాత ఐదో నెల కడుపుతో ఉండగా బిడ్డ పోయింది. ప్రభావతి ఏడ్చింది, చాలా ఏడ్చింది, కొన్నాళ్లకు తేరుకుంది. జీవానందం ఏడవలేదు. కానీ నవ్వు మానేశాడు. చిరునవ్వుల లెక్క వేరు, అవి టైపు నేర్చుకునే పిల్లలకు కూడా ఇస్తాడు. ఆ ఊగిపోయే నవ్వు మళ్లీ వినపడలేదు. రెండేళ్లు పాలకాయతిప్ప ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు ప్రభావతికి మళ్లీ ఎనిమిదో నెల.

"వంగకు ప్రభా. గబగబా నడవకు. ఆ బిందె ముట్టుకోకు."

"తుమ్మొచ్చా అండీ?"

"మెల్లిగా తుమ్ము."

జోకనుకునేరు, నిజంగానే అన్నాడు. ఆ రోజే ప్రభావతి నిశ్చయించుకుంది, ఈసారి పెళ్లిరోజుకు వెళ్లి తీరాలని. బిడ్డ పుట్టేలోపు బిడ్డ తండ్రి నవ్వాలి.

జ్ఞానమ్మ గుండె బాదుకుంది. "నిండు మనిషివి, సముద్రానికెళ్తావంటే? డాక్టరమ్మ వింటే ఏమంటది?"

"అడిగే వచ్చానత్తయ్యా. మెల్లిగా వెళ్లి రమ్మంది." ప్రభావతి గొంతు తగ్గించింది. "మీ అబ్బాయి నవ్వు అక్కడే ఎక్కడో పారేసుకున్నారు. వెతుక్కొద్దామని."

జ్ఞానమ్మ లోపలికెళ్లి ప్రయాణానికి ఆవకాయ జాడీ కట్టింది.

కోడూరు దాకా బస్సు, పాయ దాకా ఎడ్లబండి, అక్కణ్నుంచి మీరా సాహెబ్ పడవ. బండివాడు చక్రం గుంటలో పడకుండా నడపాలని జీవానందం దారంతా హెచ్చరిస్తూనే ఉన్నాడు. చివరికి ఎద్దులు కూడా విసుక్కున్నాయి. రాత్రికి ఫాతిమా పండుగప్ప చేపల పులుసు పెట్టింది. పొద్దున్నే ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. గొడుగు అతని చేతిలో, నీడంతా ఆమె మీద.

"బూట్లు విప్పండి."

"జలుబు చేస్తుంది."

"పోనీ ఆ దిబ్బ మీద కూర్చుంటారా? నేను ఒడ్డు మీంచి కేకేస్తాను."

"నువ్వు కేకలేయకూడదు ప్రభా."

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం వచ్చి, అదే ఇసుక, అదే గాలి, మనిషి మాత్రం వేరు. ఏదో అనబోయింది. ఇంతలో నడుంలో మొదలై పొత్తికడుపు దాకా ఒక పట్టు పట్టింది.

"ఏమండీ... పోటొస్తోంది."

జీవానందం నీళ్లవైపు చూశాడు. ఇన్నేళ్లు గిలకలదిండి పిల్లతో కాపురం చేసినవాడు, ఇంకా గుడివాడవాడేనా?

"ఇప్పుడెక్కడిది? పాటు నడుస్తోందిగా. చూడు, సాహెబ్ పడవ బురదలో ఎలా కూర్చుందో."

"వస్తోందండీ..."

"మధ్యాహ్నం దాటితేగానీ రాదు ప్రభా. ఈ విషయంలో నన్ను నమ్ము."

"సముద్రానికి కాదండీ బాబూ, నాకు!"

గొడుగు గాలికి ఎగిరిపోయింది. ఆమెను జాగ్రత్తగా నడిపించి బంగళా వరండాలో మంచం మీద పడుకోబెట్టి, ఫాతిమాను పిలిచి, జీవానందం పాయ దగ్గరికి పరుగెత్తాడు.

"సాహెబూ, పడవ తియ్యి! కోడూరెళ్లాలి!"

"బురదలో ఉందండీ బాబూ. పోటొస్తేగానీ కదల్దు."

"పోటొచ్చిందయ్యా!"

మీరా సాహెబ్ పాయ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. "ఎక్కడండీ? రాలేదే?"

"మా ఆవిడకి!"

అంటూనే బూట్లు విప్పి పాయ అంచున విసిరేసి బురదలోకి దూకాడు. మీరా సాహెబ్ ఒకవైపు, తనొకవైపు పడవను లాగారు. పడవ కదల్లేదు గానీ జీవానందం మోకాళ్ల దాకా దిగబడ్డాడు. ఇక లాభం లేదని, అలాగే బురద కాళ్లతో వరండాకి వచ్చాడు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే "ప్రభువా" దాటి ఒక్క మాట రాలేదు. జేబులోంచి సీసా తీసి ఆమె నడుముకు రాయడం మొదలుపెట్టాడు.

"ప్రభా, నాకు నువ్వుంటే చాలు. వింటున్నావా? ఎవరూ లేకపోయినా నువ్వుంటే చాలు."

"మరి నవ్వడం ఎందుకు మానేశారు?" నొప్పిలోనే అడిగింది. మళ్లీ అడిగే ధైర్యం వస్తుందో రాదో అని.

అతను రాయడం ఆపాడు.

"నవ్వితే, ఆ బిడ్డను అప్పుడే మర్చిపోయానని నువ్వనుకుంటావేమోనని."

ప్రభావతి అతని చెయ్యి పట్టుకుంది. "అలా ఎందుకనుకుంటానండీ? నేను మీ నవ్వు చూసి చేసుకున్నదాన్ని. అదీ పోతే నాకేం మిగిలింది?"

అప్పుడు ఏడ్చాడు జీవానందం. రెండేళ్ల నుంచి దాచుకున్నదంతా ఏడ్చాడు. ఫాతిమా మొహం పక్కకు తిప్పుకుని, ప్రభావతికి గోరువెచ్చటి నీళ్లు తాగించి, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టింది. కడుపు మీద చెయ్యి వేసి ఎండ నడినెత్తికొచ్చేదాకా కదలకుండా కూర్చుంది. పట్టు మెల్లిగా వదిలింది. మళ్లీ రాలేదు.

"దొంగ నొప్పులమ్మా," అంది ఫాతిమా నవ్వుతూ. "నా కాన్పులన్నిటికీ వచ్చినయ్. కాసేపు బెదిరించి పోతయ్. ఇంటికెళ్లాక డాక్టరమ్మకు ఒకసారి చూపించుకో."

"దొంగ నొప్పులా?" అన్నాడు జీవానందం. మోకాళ్ల దాకా ఎండిన బురద. చేతిలో ఖాళీ అమృతాంజనం సీసా.

పాయ దగ్గర్నుంచి మీరా సాహెబ్ కేక వినపడింది. "బాబుగారూ, పోటొచ్చింది! ఈసారి సముద్రానికేనండీ! మీ బూట్లు పోతున్నయ్!"

జీవానందం లేచి చూశాడు. నల్లబూట్లు రెండూ జోడీగా, ఏ తొందరా లేకుండా పాయ వెంట తేలిపోతున్నాయి. ముందు అతని భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత వరండా స్తంభం పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఊపిరాడకుండా నవ్వాడు.

ప్రభావతి కళ్లు మూసుకుని ఆ నవ్వు మొత్తం విన్నది.

"నొప్పులు దొంగవైతే అయ్యాయి గానీ, ఇందాక చెప్పిన మాట నిజమేనా?"

"ఏ మాట?"

"నేనుంటే చాలన్నారు."

"అన్నానా?"

"ఫాతిమమ్మే సాక్షి."

"నిజమే," అన్నాడు.

మర్నాడు జీవానందం ఉత్త కాళ్లతోనే గుడివాడలో బస్సు దిగాడు. జ్ఞానమ్మ గుమ్మంలోనే కొడుకు కాళ్లు చూసింది.

"బూట్లేవిరా?"

ఆ మాటకే అతనికి మళ్లీ నవ్వు తన్నుకొచ్చింది. అది ఆగేదాకా జ్ఞానమ్మ చూస్తూ నిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది.

నెల తిరిగాక ఒక సాయంత్రం ప్రభావతి వంటింట్లోంచి పిలిచింది.

"ఏమండీ, పోటొస్తోంది."

గుడివాడలో సముద్రం లేదు. జీవానందం రిక్షా కోసం వీధిలోకి పరుగెత్తాడు. కొత్త బూట్లు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.