దుబాయ్ బస్సు తొమ్మిదింటికి

బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. లోపల చీఫ్ మంకీ క్యాప్ పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని, టీ గ్లాసుని రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చున్నాడు.

నల్లపాడు రోడ్డులోని ఆ కోల్డ్ స్టోరేజిలో లక్ష బస్తాల మిరపకాయలు ఉన్నాయని గుంటూరంతటికీ తెలుసు. మూడో గదిలో, బస్తాల గోడ వెనక, దేశ రక్షణకి సంబంధించిన ఆఫీసు ఒకటి ఉందని మాత్రం ఏడుగురికే తెలుసు. 2003 మే నెలలో ఊరంతా వడదెబ్బతో పడుతుంటే ఆ ఏడుగురికీ జలుబు.

ఏజెంట్ మహిమ శాలువా కప్పుకుని నిలబడింది. వయసు ముప్పై ఎనిమిది. మిరప యార్డులో కాయలు ఏరిన కూలీ కూతురు. ఇప్పుడు మూడు భాషల్లో అబద్ధం చెప్పగలదు.

"తీరంలోని రాడార్ కేంద్రం నుంచి ఒక మైక్రోఫిల్మ్ పోయింది," అన్నాడు చీఫ్ ప్రసన్నకుమార్. "మన రాడార్లు ఏ గంటకి ఎటు చూస్తాయో మొత్తం అందులో ఉంది. అది ఎల్లుండికి దుబాయ్ చేరుతుంది."

"ఎవరి చేతిలో సార్?"

"నలభై మంది రైతుల్లో ఒకరి సంచిలో. గోల్డ్ బోల్ సీడ్స్ అని, పైకి పత్తి విత్తనాల కంపెనీ. బాగా పండించిన రైతులకి దుబాయ్ టూరు బహుమతి. ఆ నలభై మందిలో విమానం ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. టూర్ మేనేజర్ శ్రీరమ్య మన మనిషి. కోడ్‌నేమ్ నెమలి. ఏడాదిగా వాళ్ళ మధ్యే ఉంది. నువ్వు పొదిలి రైతువి. బస్సెక్కు. చూడు. ఏదీ ముట్టుకోకు. దుబాయ్‌లో తీసుకునేవాడు చెయ్యి చాపగానే అక్కడి పోలీసులు ఇద్దర్నీ పట్టుకుంటారు."

"ఇద్దర్నీ అంటే?"

"తీసుకున్నవాణ్ణీ, తెచ్చినవాళ్ళనీ."

"తెచ్చినవాళ్ళకి సంచిలో ఏముందో తెలియదు కదా సార్. ఉరి వేస్తారు."

చీఫ్ టీ ఊదుకున్నాడు. "ఒక మనిషి ఒకవైపు, దేశం ఒకవైపు."

"ఆ మనిషిది కూడా ఈ దేశమే సార్."

"ఇది ఆర్డర్, మహిమా."

"విన్నాను సార్," అంది మహిమ. పాటిస్తానని మాత్రం అనలేదు.

చీఫ్ ఆమె చేతిలో ఒక పేల దువ్వెన పెట్టాడు. చివరి పన్ను నొక్కితే ట్రాన్స్‌మిటర్. "నెమలిని కలిసినప్పుడు 'మీ వైపు వాన పడిందా' అని అడుగు. 'దుమ్ము కూడా అణగలేదు' అంటే ఆవిడే."

*

మధ్యాహ్నం అరండల్‌పేటలో ఒక ఏసీ హాల్లో ప్రయాణం మీటింగ్. నలభై మంది రైతులూ కుర్చీల అంచున కూర్చున్నారు. స్టేజి మీద శ్రీరమ్య. నెమలి రంగు చీర, చలవ కళ్ళద్దాలు, నవ్వితే హాలంతా ఆమెవైపు తిరిగేది.

"అక్కడ ఎండ ఎంతుంటదమ్మా?" అడిగాడు చిలకలూరిపేట ఆదెయ్య.

"నలభై ఒకటి, బాబాయ్."

"మన దగ్గర నలభై నాలుగు. అయితే మనం చల్లదనానికి ఎడారికి పోతన్నామన్నమాట!"

హాలు గొల్లుమంది. ప్రశ్నలు వరసపెట్టి వచ్చిపడ్డాయి. చెప్పులు విమానంలో బయట విడవాలా? తాగే నీళ్ళు కొనుక్కోవాలా? ఆవకాయ పట్టుకురావచ్చా? ఒంటె ఎక్కితే నడుం పట్టేస్తదా?

మహిమ పక్క కుర్చీలో యాభై దాటిన ఆవిడ ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకుంటోంది. పేరు కోటిరత్నం. ఎకరానికి పదిహేను క్వింటాళ్ళ పత్తి తీసింది.

"ఏం రాశావక్కా?" అడిగింది మహిమ.

"పోయినాక చూడాల్సినయ్యి. సముద్రం, ఇసక తిన్నెలు, బంగారం బజారు. కొనేదేం లేదు, చూడ్డానికే. ఆనక ఒక్క మొక్కా మొలవని చోట జనం పొద్దున్నే లేచి ఏం పని చేస్తారో, అది చూడాల."

"ఇంట్లోవాళ్ళు పొమ్మన్నారా?"

"మా మరిది తన పేరు రాయించుకోబోయాడు. ఆడదానివి, నీకెందుకు వదినా అన్నాడు. చేను దున్నేటప్పుడు ఆడదాన్నని గుర్తు రాలేదేం నాయనా అన్నా. మళ్ళా నోరెత్తలా."

మహిమ చూపు ఆవిడ మెడ మీద నిలిచిపోయింది. నల్లపూసలు లేని బోసి మెడ. ఈ నలభై మెడల్లో దేనికో తాడు సిద్ధంగా ఉంది.

చివర్లో శ్రీరమ్య అందరికీ ఒక ఎర్ర సంచి, ఒక టోపీ, సీలు వేసిన అరకిలో ఎండుమిరపకాయల ప్యాకెట్టు పంచింది. "ఇవి మన గుంటూరు సన్నం కాయలు. అక్కడి వ్యాపారులకి శాంపిల్. సీలు విప్పకండి."

*

మర్నాడు పొద్దున యార్డు పక్క రోడ్డు మీద బస్సు సిద్ధంగా ఉంది. పక్కకి కట్టిన బ్యానర్ మీద ఒంటె బొమ్మ. సమయం ఎనిమిదీ నలభై.

"మీ వైపు వాన పడిందా?" అంది మహిమ.

"దుమ్ము కూడా అణగలేదు," అంది శ్రీరమ్య, పెదవులు కదపకుండా.

"ఏ సంచిలో ఉందో చెప్పు. తీసేస్తాను."

"చీఫ్ ఆర్డర్ అది కాదే?"

"తెలుసు. చెప్పు."

శ్రీరమ్య బస్సు కిటికీల వైపు చూసింది. "ఆదెయ్య. టోపీ అంచులో."

మహిమ బస్సెక్కి, కుశలం అడుగుతున్నట్టే ఆదెయ్య టోపీ తీసి, బ్లేడుతో అంచు చీల్చింది. లోపల దూది.

"ఏందమ్మాయ్, కొత్త టోపీ! నీకేమన్నా పిచ్చా?" ఆదెయ్య లేచి నిలబడ్డాడు.

నెమలి అబద్ధం చెప్పింది. మహిమ వెనక సీట్లోకి వెళ్ళి దువ్వెన పన్ను నొక్కింది. "సార్, శ్రీరమ్య వాళ్ళ మనిషి."

"నాన్సెన్స్. ఏడాదిగా ఆవిడ చెప్పిందే నిజమవుతోంది. నిన్ను మిషన్ నుంచి తీసేశాను. బస్సు దిగు."

"దిగను సార్."

ట్రాన్స్‌మిటర్ ఆపకుండానే దువ్వెన కొప్పులో గుచ్చుకుంది. గడియారం ఎనిమిదీ యాభై ఐదు. వెతకాల్సినవి నలభై సంచులు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

అప్పుడు కనబడింది. మూడో సీట్లో కోటిరత్నం ప్యాకెట్టు సీలు చింపి, కాయలన్నీ ఒళ్ళో పోసుకుని, చకచకా ఏరుతోంది. తెల్లబారిన తాలు కాయల్ని కిటికీలోంచి బయటికి విసిరేస్తోంది.

"అక్కా, విప్పొద్దన్నారుగా?"

"విప్పకపోతే లోపల తాలు ఉందో లేదో ఎట్టా తెలుస్తదే? పరాయి దేశపోళ్ళకి ఈ సరుకు చూపిస్తే మన పరువేం కావాల? ఇదిగో ఇది చూడు, సన్నం కాయల్లో ఈ బ్యాడిగి లావుకాయ ఎట్టా కలిసిందో! మాయదారి కంపెనీ." లావుకాయ కూడా కిటికీలోంచి ఎగిరింది.

మహిమకి మరో మాట అక్కర్లేకపోయింది. సన్నం కాయలో ఫిల్మ్ పట్టదు. పట్టే కాయ కోసం వెతికినవాడికి, మిరప నేల ఆడవాళ్ళ ఒళ్ళో అది ఎంతసేపు నిలుస్తుందో తెలియదు.

ముందు తలుపు దగ్గర శ్రీరమ్య మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున రోడ్డు మీదికి దూకింది. ఎత్తుమడమల చెప్పులు ఊడిపోయాయి. నెమలి రంగు చీర దుమ్ములో ఈడ్చుకుంటూ, మోకాళ్ళ మీద పాకుతూ, తాలు కాయల్ని రెండు చేతులా కెలికింది. లావుకాయ దొరికింది.

మహిమ దిగేసరికి శ్రీరమ్య చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని కొనకి సన్నటి గొట్టం.

"ఒక్క అడుగు వేశావంటే పేలుస్తా."

"అందుకేనా కోటిరత్నం అక్కని ఎంచుకున్నావు? ఏమీ తెలియదనా?"

"పత్తి ఏరుకునే మనిషి పోతే ఎవరడుగుతారు? మీ చీఫ్ నేనేం చెప్తే అది నమ్మే వెర్రిబాగులోడు. ఇవాళ సాయంత్రం దాకా నమ్ముతూనే ఉంటాడు."

కొప్పులోని దువ్వెనలో ఎవరో పొలమారినట్టు దగ్గారు.

ఎండ మండిపోతోంది. శ్రీరమ్య నుదుటి మీంచి చెమట కళ్ళలోకి కారింది. యార్డులో కాయలు ఏరే ఆడవాళ్ళు చెమట పడితే మోచేతి పైభాగంతో తుడుచుకుంటారు. వేళ్ళని కంటి దరిదాపుల్లోకి రానివ్వరు. ఐదేళ్ళ పిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. శ్రీరమ్య వేళ్ళతో తుడుచుకుంది.

ఆ కేక యార్డు లోపలి హమాలీల దాకా వినబడింది. లిప్‌స్టిక్ పేలింది. గుండు బ్యానర్ మీది ఒంటె మూపురంలో దూరింది. మహిమ ఆమె మణికట్టు విరిచింది, కానీ రెండో చెయ్యి అప్పటికే కాయని గాల్లోకి విసిరేసింది. మలుపులోంచి తెల్ల క్వాలిస్ దూసుకొస్తోంది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది.

మహిమ ఎగిరింది. ఆ చేతి వేళ్ళు మూసుకునేలోపు, జానెడు ముందు, కాయని గుప్పిట్లోకి లాక్కుని రోడ్డు మీద దొర్లింది. క్వాలిస్ అదుపు తప్పి యార్డులోకి వస్తున్న మిరప లారీకి అడ్డంగా ఆగింది. హమాలీలు చుట్టుముట్టారు. తలుపులు తీయడానికి లోపలివాళ్ళకి ధైర్యం చాలలేదు.

*

ఇరవై నిమిషాల్లో చీఫ్ వచ్చి, శ్రీరమ్యనీ క్వాలిస్‌లోవాళ్ళనీ జీపు ఎక్కించాడు. హడావిడిలో మంకీ క్యాప్ తియ్యడం మర్చిపోయాడు. మహిమ మొహంలోకి చూడలేక బస్సు వైపు తిరిగి, "టూరు క్యాన్సిల్. అందరూ దిగి స్టేట్‌మెంట్లు ఇవ్వాలి," అన్నాడు.

కోటిరత్నం ఫుట్‌బోర్డు మీదికి వచ్చి అడ్డంగా నిలబడింది. "దొంగముండ పోయిందిగా. టిక్కెట్టు అసలుదేనా కాదా?"

"అసలుదే. కానీ..."

"వీసా?"

"అదీ అసలుదే. అమ్మా, మేనేజర్ లేదు. దారి తెలిసిన మనిషి లేడు. అసలు మీలో దుబాయ్ చూసినవాళ్ళు ఒక్కరన్నా ఉన్నారా?"

"చూసినోళ్ళకి అక్కడ పనేముందండీ? చూడనోళ్ళేగా పోవాల్సింది. నేను దిగను."

"నేనూ దిగను," అన్నాడు ఆదెయ్య, చిరిగిన టోపీ పెట్టుకుంటూ. మిగతా ముప్పై ఎనిమిది గొంతులూ అదే మాట అన్నాయి.

మహిమ లావుకాయ తొడిమ తీసి, లోపలి ఫిల్మ్ చీఫ్ చేతిలో పెట్టి, మోచేతికి అంటిన దుమ్ము దులుపుకుని మేనేజర్ సీట్లో కూర్చుంది. "సార్, దుబాయ్‌లో ఒకడు చెయ్యి చాపి కూర్చుని ఉంటాడు. ఖాళీ కాయ నేనే చేతికిస్తాను. పోనియ్ డ్రైవర్!"

బస్సు కదిలింది. చీఫ్ రెండు అడుగులు వెంట పరిగెత్తాడు. "ఆర్డర్ మీరినందుకు సంజాయిషీ రాసివ్వాలి, మహిమా!"

"అక్కణ్ణుంచే పోస్టు చేస్తా సార్," అంది మహిమ కిటికీలోంచి. "బొమ్మ కార్డు మీద. చోటు మిగిలితే."