భోజనం తర్వాత ఒక మాత్ర

కల్నల్ పెద్దిరాజు మాత్రల అట్టను బల్లమీద విసిరికొట్టాడు.

"వెలోడిన్. కీళ్ళనొప్పుల మందు. గుండెపోట్లు వస్తున్నాయని తయారైన దేశంలోనే ఆపేశారు. మిగిలిన సరుక్కి ఓ విదేశీ ముఠా కొత్త లేబుల్ అంటించి ఢిల్లీలో దింపింది. రేపు కరోల్ బాగ్‌లో, మన తెలుగువాళ్ళ హాల్లో, ఉచిత మెడికల్ క్యాంప్! ముఠా నాయకుడు వాల్టర్ స్వయంగా వస్తాడు. గోడౌన్ ఎక్కడో వాడొక్కడికే తెలుసు. టీమ్ గేట్లు మూసేదాకా నోరెత్తకు."

"మనవాళ్ళ గుండెలంటే అంత చులకనా సార్?" ఏజెంట్ నిరంజన్ పిడికిలి బిగిసింది.

మర్నాడు అతని కనుబొమలకు తెల్లరంగు వేస్తూ కొత్త పెళ్ళాం హారిక పకపకా నవ్వింది. "ముసలాడివైనా ముద్దొస్తున్నావు!"

ఆ నవ్వు దారంతా వెంట వచ్చి, హాల్లో ఆవిరైపోయింది. భోజనాల బల్ల దగ్గర హారిక తండ్రి నరసింహులు! మోకాళ్ళ నొప్పులు, పైగా నిరుడే గుండె ఆపరేషన్. ప్రతి విస్తరి పక్కనా ఒక గులాబీరంగు మాత్ర.

నిరంజన్ మామగారి పక్కనే కూర్చున్నాడు. ఆయన గుర్తుపట్టలేదు.

చెవి మిషన్‌లో దాచిన రిసీవర్ పలికింది. పట్టుచీరలో మెరిసిపోతూ సాంబారు వడ్డిస్తున్న ఇంద్రాణి గొంతు. ముఠాకు ఆమె మెడికల్ రెప్. నిజానికి పెద్దిరాజు మనిషి.

"వాల్టర్ స్టేజి మీదున్నాడు. టీమ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఇక పెరుగే."

పెరుగన్నం తింటే భోజనం అయిపోయినట్టే. వెంటనే మాత్ర.

"పెరుగు ఆపు," కాలరు మైకులో గొణిగాడు నిరంజన్.

"ఎలా?"

"తన్నెయ్!"

హైహీల్ తగిలి పెరుగు గిన్నె బోర్లాపడింది. హాలు భగ్గుమంది.

"కళ్ళు నెత్తికెక్కాయా అమ్మాయ్!"

"భయ్యా, డెయిరీ బూత్‌కి పరిగెత్తండి!"

ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ మాత్ర ముట్టలేదు. వాల్టర్‌కి ఏమీ అర్థం కాలేదు. "టేక్ ది టాబ్లెట్, ప్లీజ్!"

"ఆగవయ్యా! పెరుగు రానీ!" కసిరింది ఓ పెద్దావిడ.

నరసింహులుకే ఓపిక చాల్లేదు. "ఠీక్ హై, నీళ్ళతోనే మింగుత. మోకాళ్ళు గుంజుతున్నయ్."

మాత్ర పెదాల దాకా వెళ్ళింది.

"గేట్లు మూశాం!" రిసీవర్ అరిచింది.

నిరంజన్ ఒక్క దెబ్బ కొట్టాడు. మాత్ర సాంబారులో పడింది.

"ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదా?" మండిపడ్డాడు నరసింహులు.

అప్పటికే వాల్టర్ చేతులకు బేడీలు పడ్డాయి. "జస్ట్ పెయిన్‌కిల్లర్," అని గొణిగాడు.

"అయితే నువ్వే మింగు." నిరంజన్ ఇంకో మాత్రను వాడి పెదాలకు ఆనించాడు. అతని కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

వాల్టర్ మొహం తిప్పుకున్నాడు. మరుక్షణం నోయిడా గోడౌన్ అడ్రస్ చెప్పేశాడు.

నిరంజన్ విగ్గు తీశాడు. నరసింహులు నోరు తెరిచి చూశాడు. సంగతంతా విని మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"అల్లుడా, దొంగను పట్టినవ్, అచ్ఛా. మరి నా మోకాళ్ళ సంగతేంది?"

ఏజెంట్ నిరంజన్ దగ్గర దానికి మాత్రం ఏ గాడ్జెట్టూ లేదు.