పట్టపగలు రక్తపిశాచి

పట్టపగలు, నెత్తిమీద సూర్యుడుండగా, రక్తపిశాచి ఒకతె రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యి ఊపితే బ్రేకు వెయ్యాలా, గేరు మార్చాలా అన్నది డ్రైవింగు పరీక్షలో ఎవరూ అడగరు. ఆల్బన్ బ్రేకే వేశాడు. వ్యానులో ఉన్న హేరింగ్ చేపలన్నీ ఒక్కసారిగా ముందుకి జారి అతని సీటుని గుద్దుకున్నాయి.

పాదాలదాకా తెల్ల గౌను. సున్నం కొట్టినట్టు పౌడరు. పై పెదవి కిందనుంచి రెండు కోరలు. గాలికి మేలిముసుగు లేచి ఆమె మొహానికే చుట్టుకుంటోంది.

"కింద థముద్రం దాకా దింపుతారా?" అంది పిశాచి.

"ఎక్కడికి?"

ఆమె విసుగ్గా కోరలు ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. "సముద్రం దాకా. మా కారు ఆగిపోయింది."

"మీరు రాత్రిళ్ళు కదండీ తిరగాలి?"

"రాత్రి తియ్యాలంటే బోలెడు లైట్లు కావాలి. మా డైరెక్టరు దగ్గర రెండే ఉన్నాయి, అందులో ఒకటి వెలగదు. అందుకని కెమెరాకి నీలం అద్దం తగిలించి పగలే రాత్రి తీస్తాడు. తెరమీద సూర్యుడు చంద్రుడైపోతాడు."

"చూసేవాళ్ళు నమ్ముతారా?"

"నమ్మకపోతే, అది కల అంటాడు."

ఆల్బన్ తలుపు తీశాడు. ఆమె ఎక్కింది, ఒకసారి గాలి పీల్చింది, వెంటనే కిటికీ అద్దం దించింది.

"ఏంటీ వాసన?"

"చేపలండీ. పిశాచాలకి పడదా?"

"పిశాచాలకి వెల్లుల్లి పడదని విన్నాను. ఇది మనుషులకే పడదు."

ఆమె పేరు సిదోనీ. పారిస్ నుంచి వచ్చింది. ఆ సాయంత్రానికల్లా ఆల్బన్‌కి ఈ రెండు సంగతులు తప్ప ప్రపంచంలో తెలుసుకోవలసినది ఇంకేమీ లేదనిపించింది.

ఆ జూన్ నెలంతా మా ఊళ్ళో సినిమావాళ్ళదే గోల. మాది దియెప్ రేవుపట్నం పక్కన, సుద్దకొండల కింద గులకరాళ్ళ తీరం. డైరెక్టరు గాస్పార్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా ఉంటాడు. ఆయన్ని ఏం అడిగినా ఒకటే జవాబు.

"మొస్యో, పిశాచి పెళ్ళిబట్టలెందుకు వేసుకుంది?"

"కల."

"మొస్యో, రాళ్ళ మీద మంచమెందుకు?"

"కల."

ఆ మంచం ఆల్బన్ వాళ్ళమ్మ బెర్త్‌ది. ఆమె పెళ్ళినాటి వాల్‌నట్ చెక్క మంచం. ఊళ్ళో అంత చెక్కడపు పని ఉన్న మంచం ఇంకోటి లేదని ఎవరో చెప్పగా గాస్పార్ వచ్చి టోపీ తీసి అడిగాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చూడు నాయనా, కలలో అయినా సరే, నా మంచం కాళ్ళు తడిశాయంటే నీ కళ్ళు తెరిపిస్తాను."

మొదట్లో హీరో పారిస్ నటుడే. నెత్తుటికి బదులు ఎర్రపళ్ళ పానకం మెడకి పూస్తే, రెండో రోజే కందిరీగలు వచ్చి పెదవి మీద కుట్టాయి. పెదవి బన్నురొట్టెలా పొంగింది. అతను తిట్టుకుంటూ రైలెక్కాడు. గాస్పార్ కళ్ళు ఇటూ అటూ తిరిగి, మంచం మోసిపెట్టి చెమట తుడుచుకుంటున్న ఆల్బన్ మీద ఆగాయి.

"నువ్వు చచ్చిపోగలవా?"

"ఎప్పుడూ ప్రయత్నించలేదండీ."

"అనుభవం అక్కర్లేదు. పడుకో."

"మరి మాటలు? నాకు మాట్లాడ్డం రాదు."

"మైకు లేదు, ఏమీ లేదు. గొంతులు తరవాత పారిస్‌లో అతికిస్తాం. ఇప్పుడు నోరు కదిలితే చాలు. ఏదో ఒకటి వాగు."

ఆల్బన్‌కి నోటికొచ్చింది చేపల పేర్లే. చంద్రుడిలా వెలిగే సూర్యుడి కింద, ఉంగరాల జుట్టు చెదరగొట్టుకుని, కళ్ళల్లో వేదన నింపుకుని, "హేరింగ్, మకరెల్, నాలికచేప, పీతలు తాజావి" అన్నాడు. సిదోనీ పక్కకి తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది.

"అద్భుతం! పిశాచి వణుకుతోంది!" అన్నాడు గాస్పార్.

కెమెరా పక్కనే మడతకుర్చీ వేసుకుని ఆల్బన్ నాయనమ్మ ఒర్తాన్స్ రోజూ మేజోళ్ళు అల్లుకుంటూ కూర్చునేది. ఆమె చెవులు పోయి చాలా ఏళ్ళయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పలికేది. పక్కనుంచి పిలిస్తే పాదిరీగారు పిలిచినా అల్లిక ఆపేది కాదు. అందుకని ఆమె ముందు ఎవరూ దేనికీ గొంతు తగ్గించేవారు కారు.

మధ్యాహ్నాలు ఆల్బన్, సిదోనీ పడవ నీడన కూర్చుని రొట్టె తినేవాళ్ళు. ఆమె కోరలు రుమాల్లో చుట్టి పక్కన పెట్టేది.

"మీరు చిన్నప్పట్నుంచీ నటించాలనుకున్నారా?"

"నేను నటినేంటి! ఒక పిశాచి జ్వరమొచ్చి రాలేదు, గౌను నాకు సరిపోయింది. నా అసలు పని..."

అంతలోనే గాస్పార్ బాకాలో అరిచేవాడు: "వెన్నెల మీదికి మబ్బు రాబోతోంది! రండి రండి!"

అలా ఆమె అసలు పనేమిటో అతనికి తెలియకుండానే నెలాఖరు వచ్చింది. మర్నాడు రైలు. ఆల్బన్ చెప్పాలనుకున్న మాట ఇంకా గొంతులోనే ఉంది. పొద్దున్న వ్యానులో "మీరు..." అని మొదలెట్టి, "...కిటికీ వేసుకుంటారా?" అని ముగించాడు.

ఆఖరి దృశ్యం అతని చావు. మంచం నీళ్ళకి దగ్గరగా ఉంటే బాగుంటుందని గాస్పార్ దాన్ని కిందికి జరిపించాడు. పోటు ఎప్పుడొస్తుందో మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. గాస్పార్‌ని ఎవరూ హెచ్చరించలేదు. మంచాన్ని రాళ్ళ మీద పెట్టినవాడు సముద్రంలో కూడా పెట్టాలనుకుంటున్నాడేమో, కల కదా అని ఊరుకున్నారు.

అల వచ్చి మంచం కాలిని నాకింది. బెర్త్ కేక పెట్టింది.

"ఒక్క టేకే! ఆల్బన్, చావు! మాట్లాడుతూ చావు!" అని గాస్పార్ బాకా విసిరేశాడు.

సిదోనీ వంగి అతని మెడలో మొహం దాచుకుంది. ఆమె చెవులమీద విగ్గు, విగ్గుమీద ముసుగు, వెనక గులకరాళ్ళని బస్తాలతో కుమ్మరిస్తున్నట్టు సముద్రం. తన మాట తనకే వినపడని ఆ చప్పుడులో ఆల్బన్‌కి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఆకాశంలోకి చూస్తూ, చేపల పేర్లు మానేసి, నెలరోజుల మాట మొత్తం చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఆమె కూడా అతని మెడ దగ్గర ఏదో గొణిగింది. కోరలు జారిపోతున్నాయని విసుక్కుంటోంది కాబోలనుకున్నాడు. నిజంగానే జారి అతని కాలరులో పడ్డాయి.

మరుక్షణం పెద్ద అల వచ్చి ఇద్దరినీ, మంచాన్నీ కలిపి తడిపింది. బెర్త్ గాస్పార్ వెంటపడింది.

మర్నాడు స్టేషన్లో ఆల్బన్ ఆమె పెట్టె ఎక్కించాడు.

"మళ్ళీ వస్తారా?"

"గాస్పార్‌కి ఇంకో కల వస్తే."

రైలు కదిలింది. చెప్పవలసింది చెప్పేశానని అతనికి తృప్తి. ఎవరూ వినలేదని అంతకంటే పెద్ద తృప్తి. ఈ రెండు తృప్తులూ కలిసి అతన్ని మూడు నెలలపాటు సరిగ్గా తిండి తిననివ్వలేదు.

శరదృతువులో కాఫీ హోటలుకి ఫోనొచ్చింది. గాస్పార్.

"నీ నోటికి గొంతు కావాలి. వేరేవాణ్ణి పెట్టే స్తోమత లేదు. పారిస్ వచ్చెయ్. వస్తూ ఒక బుట్ట స్కాలప్ గుల్లచేపలు పట్రా."

"సిదోనీ గారు..."

"ఉంటుంది. అక్కడే కదా పనిచేసేది."

పారిస్‌లో అదొక చీకటిగది. యంత్రం ముందు కళ్ళజోడు, బూడిదరంగు స్వెట్టరుతో సిదోనీ కూర్చుని ఉంది. ఎదురుగా చిన్న తెరమీద ఆల్బన్ నోరు, బుట్టంత. ముందుకీ వెనక్కీ తిరుగుతోంది.

"రండి! మొదటి రీలంతా మీరు చేపలమ్మారు," అంది నవ్వుతూ.

"మీకెలా తెలుసు?"

"ఆ రోజు చెప్పబోయాను, గాస్పార్ అరిచాడు. నా పనే ఇది. తెరమీద పెదవులు చూసి, ఎక్కడ మూసుకున్నాయో, ఎక్కడ తెరుచుకున్నాయో గుర్తులు వేసిస్తాను. వాటిని బట్టి కొత్త మాటలు రాస్తారు. చాలాసార్లు అసలేమన్నారో కూడా చదివేస్తాను. అలవాటు."

ఆల్బన్ చేతిలోని బుట్ట నేలకి దిగింది.

"మొత్తం... చదివారా?"

"ఆఖరి రీలు మిగిలింది. ఇప్పుడే పెడుతున్నా."

"వద్దు!"

"ఏం?"

"అది... అందులో బూతులున్నాయి."

"నేను పిశాచిని కదండీ, తట్టుకుంటా." మీట నొక్కింది.

తెరమీద నీలం వెన్నెల. అతని తల, పక్కన ఆమె విగ్గు. పెదవులు కదిలాయి. ఆమె పెన్సిలు పట్టుకుని ముందుకు వంగింది.

"సి... దో... నీ." పెన్సిలు ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ అదే.

ఆల్బన్ తలుపు వైపు చూశాడు.

ఆమె గొంతు తగ్గించి, బడిలో పిల్ల కూడబలుక్కున్నట్టు చదివింది. "'సిదోనీ, రేపు రైలెక్కకు. నాకు చేపలమ్మడం తప్ప ఏమీ రాదు. కానీ నువ్వెక్కిన దగ్గర్నుంచీ ఆ వ్యానులో నాకు చేపల వాసన రావడం లేదు. ఉండిపో.'"

యంత్రం ఖాళీగా గరగరలాడింది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"వాసన వస్తూనే ఉంది," అంది చివరికి. "ఆ గౌను ఎన్ని ఉతుకులు ఉతికానో నాకు తెలుసు."

"తప్పయిపోయిందండీ."

"నెల పొడుగునా మీరూ మీరూ అన్నావు. ఇక్కడ నువ్వు అన్నావు. నాకు వినపడనప్పుడు!"

"మీరు... నువ్వు కూడా ఏదో అన్నావు. నా మెడ దగ్గర."

"అన్నాను."

"ఏమని?"

"కెమెరాకి నా వీపే కనిపించింది. చదవడానికేం లేదు." ఎర్రబడిన మొహాన్ని తెరవైపు తిప్పుకుంది. "సినిమా మీ ఊరి దగ్గర ఆడినప్పుడు చెప్తాను. అందాకా నువ్వూ కొంచెం ఉడుకు. ఇన్నాళ్ళూ నేను ఉడికాను."

తలుపు తోసుకుని గాస్పార్ వచ్చాడు. "ఏమంటున్నాడు మనవాడు చచ్చేముందు?"

సిదోనీ తెరని ఇంకోసారి తీక్షణంగా చూసింది. "ఏవో చేపలే. కానీ ఆ పెదవులకి 'చంద్రుడు ఉప్పగా ఉన్నాడు' అన్నది చక్కగా అతుకుతుంది."

గాస్పార్ కుర్చీలో కూలబడ్డాడు. "చంద్రుడు ఉప్పగా... ఇదే! నా కల ఇదే!"

ఆల్బన్ మైకు ముందు నిలబడి, పక్కనే సిదోనీ కనుబొమలెగరేస్తుండగా, చంద్రుడు ఉప్పగా ఉన్నాడని వణికే గొంతుతో చెప్పాడు. అంత సహజమైన వణుకు తానెన్నడూ వినలేదన్నాడు గాస్పార్.

వసంతంలో సినిమా దియెప్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నపు ఆట. మా ఊరు ఊరంతా వెళ్ళింది, మంచాన్ని చూడ్డానికి. ముందు వరసలో పారిస్ నుంచి వచ్చిన విమర్శకుడొకాయన మెడకి సిల్కుగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. సిదోనీ రైలు దిగి నేరుగా వచ్చి ఆల్బన్ పక్కన కూర్చుంది. అటుపక్క బెర్త్, ఆమె పక్కన నాయనమ్మ.

"ఈ నెత్తురు తాగే పిల్ల మన వరసలో ఎందుకు కూర్చుంది?" అంది బెర్త్ కొడుకు చెవిలో.

"సీట్లు లేవమ్మా."

హాల్లో సగం సీట్లు ఖాళీ.

తెరమీద తెల్లగౌన్లు రాళ్ళమీద తేలిపోయాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు, కానీ ఎవరూ కదల్లేదు. మా తీరమే, మా కొండలే. అయినా నిద్రలో చూసినట్టున్నాయి. ఆఖరి దృశ్యం. అల మంచాన్ని తాకింది. ఆల్బన్ గొంతు హాలంతా వినిపించింది: "చంద్రుడు ఉప్పగా ఉన్నాడు."

విమర్శకుడు నిట్టూర్చాడు. బెర్త్ అత్తగారి వైపు తిరిగి ఆ మాటని పెదవులు కదిపి చెప్పింది.

"అబద్ధం!" అని కేక వినిపించింది.

నాయనమ్మ. చెవులు లేనివాళ్ళు ఎంత గట్టిగా మాట్లాడతారో వాళ్ళకి తెలియదు.

"మూడు మాటలకి అంతసేపు నోరు కదుపుతాడా? వాడన్నది 'సిదోనీ, రేపు రైలెక్కకు' అని! చేపల వాసన రావట్లేదన్నాడు! ఉండిపొమ్మన్నాడు! ఎదురుగా కూర్చుని చూశాను కదే!"

ఆల్బన్ సీట్లో కిందికి జారిపోయాడు.

బెర్త్ అత్తగారి వైపు తిరిగింది. "జూన్ నుంచి తెలిసి చెప్పలేదేం?"

"చెవిటిదాన్ని ఎవరడిగారు?"

బెర్త్ నెమ్మదిగా ఇటు తిరిగింది. కొడుకుని దాటి, సిదోనీని చూసింది. "మరి నువ్వేమన్నావే అమ్మాయ్?"

హాలంతా మెడలు తిరిగాయి. సిదోనీ లేచి, ఒర్తాన్స్‌కి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తెరమీద వెన్నెల, ఒకప్పటి జూన్ నెల ఎండ, ఆమె మొహం మీద నీలంగా పడుతోంది. పెదవులు మాత్రం మెల్లగా కదిపింది.

నాయనమ్మ చదివి, తల ఊపి, ఊరంతటికీ వినిపించింది. "'ఆగమని చెప్పే మగాడు ఒక్కడైనా ఉంటే, నేను రైలెక్కను' అందట. వీడి మెడలో! వీడికి వినపడలేదట! నన్ను చెవిటిదంటారు!"

విమర్శకుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇదంతా సినిమాలో భాగమే అనుకున్నాడు. వెనక వరసలో ఉన్న గాస్పార్ కాదనలేదు.

బెర్త్ మాత్రం తెరమీద మునిగిపోతున్న తన మంచాన్ని చాలాసేపు చూసింది.

"దాని కాళ్ళకింకా ఉప్పు పోలేదు," అంది. తరవాత సిదోనీకి చెయ్యందించి లేపింది. "ఈ వారమంతా కూర్చుని తుడుస్తాను. పెళ్ళినాటికి ఆరుతుందిలే."